క్యాసెట్టు అట్ట మీద లేని పేరు

పెళ్లికి ముందు రేడియోలో చాలాసార్లు పాడాను. ఒక్కసారి కూడా నా పేరు చెప్పలేదు. చెప్పవద్దని మా నాయనే షరతు పెట్టాడు. ఆ పాటలన్నిటినీ చాలా ఏళ్ల తర్వాత ఒక కంపెనీ రేడియో వాళ్ల అనుమతి తీసుకుని అధికారికంగా క్యాసెట్టుగా వేసింది. అప్పుడైనా అట్ట మీద నా పేరు పడుతుందేమోనని ఆశపడ్డాను. ఆ ఆశ ఏమైందో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను. పెద్ద విశేషమేం కాదు. ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ నాకు ముందు నడుము నొప్పి గుర్తొస్తుంది, తర్వాతే పాటలు.

మాది ధర్మవరంలో పట్టుచీరలు నేసే వీధి. ఇంట్లో ఒకటే గుంట మగ్గం. నాయన గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చుని నేసేవాడు. చీర మధ్యలో ఒక రంగు, అంచుకు ఇంకో రంగు. అందుకని అంచు రంగు పోగును మోసుకుపోయే నాడెను విసరడానికి పక్కన ఇంకో మనిషి కూర్చోవాలి. మా అన్న బడికి పోయాడు, నేను మగ్గం పక్కకు పోయాను. ఎందుకని అడిగితే అమ్మ, "ఎవరో ఒకరు కూర్చోవాల కదా" అనేది. ఆ ఎవరో ఒకరు ఎప్పుడూ నేనే.

నాయన మాట్లాడే మనిషి కాదు. నా వంతు వచ్చినప్పుడు మగ్గం చెక్క మీద వేలి కణుపుతో రెండుసార్లు కొట్టేవాడు. టక్ టక్. నేను నాడె వదిలేదాన్ని. పొద్దున మొదలుపెడితే దీపాలు పెట్టే వేళ దాకా మా ఇద్దరి మధ్య నడిచే సంభాషణ అదే. విసుగు పుట్టి నేను పాడుకునేదాన్ని. వీధి నిండా మగ్గాల మోత. దాని మీద వినపడాలంటే గొంతు పెంచాల్సిందే. అట్లా నా గొంతు మొరటుగా, పెద్దగా తయారైంది. అందులో సుకుమారం వెతికితే దొరకదు.

ఎదురింట్లో ఇంకో నేతగాడి కొడుకు ఉండేవాడు. పని లేనప్పుడల్లా డబ్బాల మీద, బిందెల మీద దరువులు వేసేవాడు. అతనికి గుత్తి దగ్గర రైల్వే జంక్షన్ నుంచి ఒక స్నేహితుడు దొరికాడు. రైల్వే ఉద్యోగి కొడుకు, చర్చిలో గిటారు నేర్చుకున్నాడు. అనంతపురం కాలేజీలో చదివే ఇంకొకతను వాళ్లతో కలిశాడు, అతనిది బేస్ గిటారు. ముగ్గురూ కలిసి రాక్ సంగీతం అన్నారు. మా వీధి వాళ్లు దాన్ని రేకుల షెడ్డు మీద వడగళ్ల వాన అన్నారు. వడగళ్లేం కర్మ, మామూలు వానే పడి ఎన్నాళ్లో అయింది, పోల్చుకోవడానికైనా పనికొచ్చిందిలే అని అమ్మ నవ్వింది.

వాళ్ల పాటలు తెలుగులోనే ఉండేవి. ఎండిన చెరువు, బోరులో నీళ్లకు బదులు వచ్చే దుమ్ము, ఆగని రైలు. అయితే ముగ్గురిలో ఒక్కడికీ గొంతు లేదు. గిటారు అన్న పాడితే కుక్కలు లేచి పక్క వీధికి పోయేవి. ఎదురింటి డ్రమ్ముల అన్న రోజూ నా గొంతు వింటున్నవాడే కాబట్టి, ఒక సాయంత్రం గిటారు అన్నను వెంటేసుకుని మా గడప దగ్గరికి వచ్చాడు.

"మామా, రేడియో వాళ్లు మాకు ఒక కార్యక్రమం ఇస్తామన్నారు. పాపను పంపించు" అన్నాడు నాయనతో.

"ఆడపిల్లను స్టేజీ ఎక్కిస్తారా? ఏమప్పా, తమాషాగా ఉండాదా?"

"స్టేజీ కాదు మామా, రేడియో. గొంతొక్కటే పోతాది. మనిషి ఎవరికీ కనపడదు."

నాయన చేతిలోని జరీ కండెను చివరిదాకా చుట్టాడు. తర్వాత చెప్పాడు. "అమావాస్య నాడైతే తీసకపోండి. నేనూ వస్తా. పాప పేరు మాత్రం ఆ పెట్టెలో రాగూడదు."

నన్ను ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే అప్పుడు పేరు సంగతి పట్టించుకునేదాన్ని కూడా కాదు. ఒక రోజు రైలెక్కి ఎక్కడికో పోతాననేదే నాకు చాలా పెద్ద విషయం.

అమావాస్య ఎందుకంటే, మా నేతగాళ్లకు అదొక్కటే సెలవు. ఆ రోజు మగ్గం ముట్టుకోరు. వీధి మొత్తం ఒక్కసారిగా మూగబోతుంది. చెవుల్లో ఏదో తక్కువైనట్టు మనుషులు గడపల మీద కూర్చుని ఊరికే దిక్కులు చూస్తుంటారు. ఆ సంగతి తెలియక రేడియో అధికారి, "అమావాస్య నాడు ఎవరైనా కొత్త పని మొదలుపెడతారా?" అని ఆశ్చర్యపోయాడు. "మాకు అదే ఆదివారం సార్" అన్నాడు డ్రమ్ముల అన్న. ఆ తర్వాత మా కార్యక్రమాలన్నీ అమావాస్యలకే పడ్డాయి.

మొదటిసారి పోయినప్పుడు ప్యాసింజరు రైల్లో నాయన నాకూ కిటికీకీ మధ్య కూర్చున్నాడు. ఎవరైనా చూస్తారని. రేడియో వాళ్ల హాల్లో కుర్చీలు వేసి కొద్దిమందిని పిలిచారు. నేరుగా ప్రసారం అవుతుంది, పక్క గదిలో పెద్ద టేపు మీద రికార్డు కూడా అవుతుంది. తప్పు చేస్తే తప్పే పోతుంది గాలిలో, దిద్దుకోవడానికి లేదు. ఆ మాట విన్నప్పటి నుంచి పాట మొదటి మాటనే లోపల్లోపల పలుక్కుంటూ ఉన్నాను. నాయనను లోపలికి రావద్దంటే, "అయితే పాప కూడా రాదు" అని తేల్చేశాడు. సరేనని నా వెనకే చిన్న బల్ల ముందు కూర్చోబెట్టారు.

పాట మొదలైంది. వీళ్ల పాటల్లో ఒక మెలిక ఉండేది. వాద్యాలన్నీ హోరెత్తి ఒక్కసారిగా ఆగిపోతాయి. ఆ ఖాళీలో నేను ఒంటరిగా ఎత్తుకోవాలి. మా వీధిలో సాధన చేసినప్పుడు బాగానే వచ్చింది. ఇక్కడ వాద్యాలు ఆగాయి, నాకు ఏమీ తోచలేదు. గిటారు అన్న తల ఊపుతున్నాడు. డ్రమ్ముల అన్న కళ్లు ఉరుముతున్నాడు. అయిపోయిందిరా దేవుడా అనుకున్నాను.

అప్పుడు వెనక నుంచి టక్ టక్.

నా చేయి దానంతటదే నాడె వదిలినట్టు ముందుకు పోయి మైకు కడ్డీకి తగిలింది. నోరు తెరుచుకుంది. పాట వచ్చింది. ఆ తర్వాత ఖాళీ వచ్చిన ప్రతిచోటా నాయన బల్ల మీద కొట్టాడు, నేను ఎత్తుకున్నాను. కావాలని కొట్టాడో, పని ఆగితే కొట్టే అలవాటు కొద్దీ కొట్టాడో నాకు ఇప్పటికీ తెలియదు. తిరుగు రైల్లో అడిగితే "ఏమో" అని కళ్లు మూసుకున్నాడు.

రేడియో అధికారికి అది నచ్చలేదు. "ఆ చప్పుడు ప్రసారంలోకి పోతోందండీ. పెద్దాయనను బయట కూర్చోమనండి" అన్నాడు. "ఆయన్ను తీసేస్తే పాట కూడా బయటకు పోతాది సార్" అన్నాడు గిటారు అన్న. చివరికి నాయన బల్ల అక్కడే ఉండిపోయింది. రాక్ బృందంలో పంచె కట్టుకుని, తువ్వాలు భుజాన వేసుకుని కూర్చునే వాద్యకారుడు మాకొక్కరికే ఉండి ఉంటాడు.

ప్రతిసారీ చివర్లో అనౌన్సరు ముగ్గురి పేర్లు చదివేవాడు. వాళ్ల ఇంటిపేర్లు, ఊళ్ల పేర్లు, వాయించిన వాద్యాలు. ఆ తర్వాత "మరియు బృందం" అనేవాడు. ఆ మరియు బృందం అంటే నేనూ, మా నాయనా. మొదట్లో నవ్వొచ్చేది. నాలుగైదు అమావాస్యలు గడిచాక నవ్వు రావడం మానేసింది. మా వీధిలో ఆడవాళ్లు నీళ్ల కొళాయి దగ్గర, "ఆ పాట పాడింది ఎవరో గానీ గుండెలు పగలగొట్టింది తల్లీ" అని చెప్పుకునేవాళ్లు. నేను బిందె పట్టుకుని పక్కనే నిలబడి ఉండేదాన్ని. నేనే, నేనే అని అరవాలనిపించేది. నోరు మూసుకుని బిందె నింపుకుని వచ్చేదాన్ని.

తర్వాత కరువు ముదిరింది. మా ప్రాంతంలో వేరుశెనగ ఎండితే పెళ్లిళ్లు ఆగుతాయి, పెళ్లిళ్లు ఆగితే చీరలు అడిగేవాళ్లు ఉండరు. బృందం విడిపోయిందని ఎవరూ ప్రకటించలేదు. గిటారు అన్నకు రైల్వేలో పని దొరికింది. బేస్ గిటారు అతను వేరే ఊరు పోయాడు. డ్రమ్ముల అన్న మళ్లీ మగ్గంలో కూర్చున్నాడు. నాకు గోరంట్ల నుంచి సంబంధం వచ్చింది.

పెళ్లిచూపులకు వచ్చినప్పుడు అబ్బాయి చిన్నాయన ఒకడు కాఫీ తాగుతూ అడిగాడు. "మీ వీధి నుంచి ఎవరో ఆడపిల్ల రేడియోలో అరుస్తాదంట కదా. మీ పాప కాదు కదా?"

"మా ఇంట్లో అట్లాంటి వాళ్లు లేరు. ఒట్టు" అన్నాడు నాయన.

తలుపు వెనక నిలబడి నేనది విన్నాను. నా కోసమే అబద్ధం చెప్పాడని తెలుసు. అయినా కడుపు మండింది. నన్ను తీసుకుపోయిన రైళ్లు, నా వెనక బల్ల వేసుకుని కూర్చున్న సాయంత్రాలు, అన్నీ ఒక్క ఒట్టుతో లేకుండా పోయాయి.

గోరంట్లలో మా ఆయనది చిన్న కిరాణా అంగడి. అత్తింట్లో పాట అనే మాట నేను ఎత్తలేదు. పిల్లలు, పని, నీళ్ల కోసం తిరగడం. కొన్నేళ్లకు టేప్ రికార్డర్లు ఇంటింటికీ వచ్చాయి. ఒక రోజు బస్టాండు పక్క క్యాసెట్ల అంగడి ముందు నడుస్తుంటే నా గొంతు వినపడింది. అక్కడే ఆగి విన్నాను. ఎవరో అప్పట్లో రేడియో పక్కన టేపు పెట్టి పట్టిన పాటలు, కాపీల మీద కాపీలు తీసి అమ్ముతున్నారు. గరగరమనే ఆ రికార్డులో పాట మధ్యలో ఎవరింట్లోనో ఒకామె, "కొళాయిలో నీళ్లొచ్చినాయి, బిందెలు తెండి!" అని కేక వేసింది. ఆ కేక వెనకే, సన్నగా, మా నాయన టక్ టక్.

ఆ దొంగ క్యాసెట్టునే ఒక రోజు మా ఆయన కొనుక్కొచ్చాడు. నాది అని తెలియక, పాట నచ్చి. వంటింట్లో బియ్యం కడుగుతున్నాను. వాద్యాలు ఆగాయి, టక్ టక్ వినపడింది, నా నోటి నుంచి పాట తన్నుకొచ్చేసింది. క్యాసెట్టులో ఒకటి, వంటింట్లో ఒకటి, రెండు గొంతులూ ఒకటే. ఆయన గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

"ఏమే, నువ్వా ఇది?"

"నేనే."

అట్ట అటూ ఇటూ తిప్పి చూశాడు. "పేరు లేదే."

"లేదు."

"మా చిన్నాయనకు మాత్రం చెప్పొద్దులే" అని నవ్వి పోయాడు. తిడతాడనుకున్నదాన్ని, గిన్నె ముందుకు లాక్కుని మిగతా పాట పాడుకుంటూ బియ్యం కడిగాను. ఆ చిన్నాయన తర్వాత కాలం చేశాడు.

ఆ తర్వాతి వేసవిలో గిటారు అన్న కబురు పంపాడు. ఒక క్యాసెట్ల కంపెనీ రేడియో వాళ్ల దగ్గర దాచిన అసలు టేపులకు అనుమతి తీసుకుందట. దొంగ కాపీలకు బదులు అధికారికంగా, శుభ్రమైన శబ్దంతో, ఫోటోలతో వేస్తారట. కంపెనీ మనిషి ధర్మవరం వస్తున్నాడు, అందరూ ఒప్పుకోవాలి, అమావాస్య నాడు రమ్మన్నాడు. చిన్న బిడ్డను చంకనేసుకుని బస్సులో నిలబడి పోయాను. దారి పొడవునా నా పేరు అచ్చులో ఎట్లా ఉంటుందో ఊహించుకుంటూ పోయాను. ఇంటిపేరు పుట్టింటిది వేయించుకోవాలా, మెట్టినింటిదా అని కూడా ఆలోచించాను. చూడండి నా పిచ్చి.

కంపెనీ మనిషి మర్యాదస్తుడే. మా ఇంట్లో మగ్గం పక్క చాప మీద కూర్చుని చెప్పాడు. "రేడియో వాళ్ల రికార్డుల్లో గాయని పేరు లేదండీ. పెద్దాయన వద్దన్నారట. ఇప్పుడు సరే అంటే అట్ట మీద అందరికంటే పైన వేస్తాం."

అందరూ నాయన వైపు చూశారు. ఈసారి నేను తలుపు వెనక లేను, ఎదురుగానే నిలబడ్డాను.

"వద్దు" అన్నాడు నాయన. "లేదని ఒట్టేసి చెప్పినాను. ఇప్పుడు ఉండాదంటే నా మాట ఏమయ్యేది?"

"ఎవరికి చెప్పినావో ఆయప్పే లేడు కదా నాయనా" అన్నాను.

"ఆయప్ప లేకపోతే ఏమి, నేను ఉండా కదా."

కంపెనీ మనిషి నా వైపు తిరిగాడు. "మీరేమంటారమ్మా? మీరు ఒప్పుకున్నా చాలు."

ఏమంటాను? చంకలో బిడ్డ ఏడుస్తోంది. మళ్లీ బస్సులో నిలబడి పోవాలి. పోట్లాడటానికి కోపం చాలదు, ఓపిక కూడా కావాలి. ఆ రోజు నా దగ్గర కోపమే ఉంది. "ఆయన చెప్పినట్టే కానీండి" అన్నాను. డ్రమ్ముల అన్న తల దించుకున్నాడు. తిరుగు బస్సులో కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. పక్క సీటామె బిడ్డకు జ్వరమా అని అడిగింది, అవునన్నాను.

క్యాసెట్టు వచ్చేసరికి నాయన మగ్గం దిగి చాలా నెలలైంది. చూపు మందగించింది, జరీ పోగు కనపడటం లేదు. మగ్గం మీద మా అన్న కూర్చున్నాడు. చదువు అన్నను ఎక్కడికీ తీసుకుపోలేదు. నాయన రోజంతా వసారాలో చెక్క మంచం మీద కూర్చుని, లోపల మగ్గం చప్పుడు వింటూ, అన్న ఎక్కడ తప్పు చేస్తున్నాడో గొణుక్కుంటూ ఉండేవాడు. ఆయన్ను చూడటానికి ఒక అమావాస్యకు నేను వచ్చాను. డ్రమ్ముల అన్న టేప్ రికార్డర్ చంకన పెట్టుకుని వీధి దాటి వచ్చాడు.

అట్ట నిగనిగలాడుతోంది. ముగ్గురి పాత ఫోటోలు, కింద ముగ్గురి పేర్లు. ఆ కింద చిన్న అక్షరాలతో, మరియు బృందం. తెలిసిందే కదా అని ఎన్ని చెప్పుకుని వచ్చినా అట్ట తిప్పి వెనక కూడా వెతికాను.

"సౌండు కడిగిన అద్దం మాదిరి చేసినారు" అన్నాడు డ్రమ్ముల అన్న. తర్వాత నాయన వైపు చూడకుండా చెప్పాడు. "ఎవరో బల్ల కొడతాండారని ఆ చప్పుడంతా తీసేసినారంట. వాళ్లకు తెలీదు కదా."

టేపు తిరిగింది. నిజమే, శుభ్రంగా ఉంది. గరగర లేదు, నీళ్లొచ్చినాయన్న ఆమె లేదు. వాద్యాలు హోరెత్తి ఆగాయి. టక్ టక్ కోసం నా ఒళ్లంతా ఎదురుచూసింది. ఏమీ రాలేదు. ఖాళీ. ఆ ఖాళీలో నుంచి నా గొంతు వచ్చింది, ఎవరి గొంతో అన్నట్టు. నాయన నొసలు ముడిచాడు.

రెండో చరణం. వాద్యాలు ఆగాయి. నాయన చేయి పైకి లేచింది. మంచం పట్టె మీద వేలి కణుపుతో రెండుసార్లు కొట్టాడు. సరిగ్గా ఆ చోటే. క్యాసెట్టులోంచి నా గొంతు ఎత్తుకుంది. ఆ తర్వాత ప్రతి ఖాళీలోనూ కొట్టాడు, ఒక్కటీ తప్పిపోలేదు. నేను స్తంభం పట్టుకుని నిలబడ్డాను. గుమ్మంలో బియ్యం చెరుగుతున్న అమ్మ చేట కింద పెట్టేసింది.

పాట అయిపోయింది. అనౌన్సరు గొంతు మాత్రం తీసేయలేదు, అట్లే ఉంచారు. ఇంతసేపూ మీరు విన్నది అని మొదలుపెట్టి ముగ్గురి పేర్లు చదివాడు. మరియు బృందం అని ఆగాడు.

"అంతేనా?" అన్నాడు నాయన.

"అంతే నాయనా."

"నీ పేరు చెప్పలేదే."

నాకు ఒళ్లు మండింది. ఎన్నేళ్ల మంటో అది. "నువ్వే కదా వద్దన్నావు! అప్పుడూ నువ్వే, మొన్నా నువ్వే. ఇప్పుడు నన్నడిగితే ఏం చెప్పేది?"

"ఈయప్పకు ఇప్పుడు గుర్తొచ్చినట్టుండాది" అంది అమ్మ.

నాయన మంచం పట్టె తడుముకుంటూ టేప్ రికార్డర్ వైపు జరిగాడు. తర్వాత డ్రమ్ముల అన్నతో, "ఆ కడాన ఆయప్ప మాట్లాడేది ఇంగొకసారి పెట్టప్పా" అన్నాడు. అతను టేపు వెనక్కి తిప్పి పెట్టాడు. అనౌన్సరు మళ్లీ మొదటి పేరు చదివాడు, రెండోది, మూడోది. మరియు బృందం అన్నాడు. అక్కడ డ్రమ్ముల అన్న టేపు ఆపేశాడు.

ఆ ఆగిన చోట నాయన నా పేరు పలికాడు. మా ఇంటిపేరుతో, మా ఊరి పేరుతో, రేడియోలో చదివినట్టు ఒక్కొక్క మాటా విడదీసి. చివర్లో "పాడినది" అన్నాడు. ఆ మాట పూర్తిగా బయటకు రాలేదు. అమావాస్య కదా, వీధిలో ఒక్క మగ్గమూ ఆడటం లేదు. గడపల మీద కూర్చున్న వాళ్లు మా వసారా వైపు తలలు తిప్పారు. సరిగ్గా చెప్పానా అన్నట్టు నాయన నా కోసం తడుముకుంటూ చూశాడు.

"ఇంకొంచెం గట్టిగా చెప్పు నాయనా" అన్నాను.